కవలలకు మాత్రమే తెలిసిన మాట

హిల్కా ముప్ఫై ఏళ్లుగా తన ఇంట్లోనే పసిపిల్లల్ని చూసుకుంటోంది. పొద్దున తల్లిదండ్రులు వదిలి పనులకు వెళతారు, సాయంత్రం వచ్చి తీసుకెళతారు. సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న ఫిన్నిష్ ఊళ్లో ఇవాళ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో సగంమంది ఆమె చేతి గంజి తాగి పెరిగినవాళ్లే. ఏ పిల్ల ఎందుకు ఏడుస్తోందో వంటింట్లోంచే గొంతు విని చెప్పేయగలనని ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది. సెప్టెంబరులో ఒక సోమవారం టౌకో, లూమి అనే కవలలు గుమ్మంలో అడుగుపెట్టిన పది నిమిషాలకే ఆ గర్వం దిగిపోయింది.

టౌకో అబ్బాయి, లూమి అమ్మాయి. ఇద్దరికీ మూడేళ్లు నిండబోతున్నాయి. తల్లి పిల్వికి, ఆమె భర్తకు సరస్సు అవతల అరవై ఆవులున్నాయి. పాలు పిండటం, మేత వెయ్యటం, పేడ ఎత్తటం, మళ్లీ పాలు పిండటం. పాక మూలన చిన్న కంచె కట్టి పిల్లలిద్దరినీ అందులో ఆడుకోమని వదిలేవాళ్లు.

"మాటలొచ్చా?" అని అడిగింది హిల్కా.

"గలగలా మాట్లాడతారండీ." పిల్వి ముఖం ఎర్రబడింది. "కాకపోతే వాళ్లిద్దరికే అర్థమవుతుంది. మాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మా అత్తగారేమో, 'ఆవులతో మాట్లాడినంతైనా పిల్లలతో మాట్లాడావా' అంటుంది. నిజమేనేమో హిల్కా గారూ."

"ముందు కాఫీ తాగమ్మా. తర్వాత బాధపడుదువుగాని."

ఊరి పిల్లల క్లినిక్‌లో నర్సు వసంతంలో మళ్లీ చూస్తానందట. ఈలోగా నలుగురి మాటా చెవిన పడాలి అందట. ఇద్దరినీ కాస్త విడదీస్తే దారికొస్తారని హిల్కా అనుకుంది. భోజనాల బల్లకు ఈ చివర ఒకరిని, ఆ చివర ఒకరిని కూర్చోబెట్టింది. వాళ్లు బల్ల పొడవునా కేకలేసుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. మధ్యాహ్నం వేరు వేరు గదుల్లో పడుకోబెట్టింది. ఇద్దరూ నిద్రపోలేదు, మిగతావాళ్లనీ నిద్రపోనివ్వలేదు.

వాళ్ల మధ్యలో దూరింది సైమి. నాలుగున్నరేళ్ల సైమి ఆ ఇంటికి తానే పెత్తనందారునని నమ్మే పిల్ల. వారం తిరక్కుండానే ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తా, వాళ్లకి ఇంకొంచెం ముప్పా కావాలట," అంది.

"ముప్పానా? అదేంటే?"

"పాలు! ఆ మాత్రం తెలీదా నీకు?"

అక్టోబరు వచ్చేసరికి ఇంట్లో ఉన్న ఐదుగురు పిల్లలూ కవలల భాషే మాట్లాడుతున్నారు. ఒక సాయంత్రం సైమి నాన్న యార్కో గుమ్మంలో టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"హిల్కా గారూ, మీరు మా పిల్లకి ఏం నేర్పుతున్నారండీ? భోజనాల దగ్గర 'గబా, గబా' అని బల్ల గుద్దుతోంది. గబా అంటే వెన్నట!"

"ఇచ్చావా మరి?"

"ఇవ్వక చస్తానా? ఇప్పుడు మా ఇంట్లో వెన్నని అందరం గబా అనే అంటున్నాం."

హిల్కా నవ్వింది గానీ, మర్నాడు బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే మనసు కుదుట పడలేదు. ముగ్గుర్ని చూసి ఇద్దరు నేర్చుకుంటారనుకుంటే, ఇద్దర్ని చూసి ముగ్గురు నేర్చుకున్నారు. తలుపు సందులోంచి కవలల వైపు చూసింది. ఇద్దరూ నుదురూ నుదురూ ఆనించి ఏదో రహస్యం చెప్పుకుంటున్నారు. ఆ పాక మూలన వాళ్లకున్నదల్లా ఒకరికొకరే. ఉన్నదాంతోనే ఒక లోకం కట్టుకున్నారు. అది లాగేస్తే వీళ్లు దేనిమీద నిలబడతారు?

కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వెళ్లి వాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది. బూటు చూపించి, "ఇదేంట్రా?" అని అడిగింది.

"కోంకో," అన్నాడు టౌకో.

"కోంకోనా! నేనైతే బూటంటాను."

టౌకో కళ్లు పెద్దవయ్యాయి. ఇంత పెద్ద మనిషికి కోంకో కూడా తెలియదు! "బూటు," అని ఆమెను వెక్కిరించి, పొట్ట పట్టుకుని నవ్వాడు. లూమి కూడా "బూటు, బూటు" అంటూ దొర్లింది. అలా మొదలైంది. హిల్కా అత్త వింత మాటలుగా, నవ్వుకోవటానికి, ఫిన్నిష్ మాటలు ఒక్కొక్కటే వాళ్ల నోట్లోకి వచ్చాయి.

ఒక్క మాట మాత్రం హిల్కాకు అంతుపట్టలేదు. స్వెట్టరు తలమీదుగా తొడుగుతున్నప్పుడు, తలుపు మూసుకున్నప్పుడు, నిద్ర లేవగానే, ఒకరు "లోప్సి?" అంటారు. రెండోవాళ్లు "లోప్సి" అంటారు. సైమిని అడిగితే భుజాలెగరేసింది. "అది వాళ్లిద్దరిదే. మాకు చెప్పరు."

జనవరిలో టౌకోకు చెవిపోటు వచ్చింది. ఆ రోజు లూమి ఒక్కతే వచ్చింది. పిల్వి కారు వెళ్లిపోయాక, మంచు బట్టలు విప్పనివ్వకుండా మూసిన తలుపుకేసి తిరిగి నిలబడింది.

"లోప్సి?" అంది.

కాసేపాగి మళ్లీ అంది. అప్పుడు అర్థమైంది హిల్కాకు. ఉన్నావా అని అడుగుతోంది పిల్ల. జవాబు చెబుదామని హిల్కా నోరు తెరిచి ఆగిపోయింది. వాడి బదులు తను చెప్పొచ్చా?

సైమి అంత దూరం ఆలోచించలేదు. బల్ల కింద నుంచి, "లోప్సి!" అని గట్టిగా కేకేసింది. వెంటనే మిగతా ఇద్దరూ అందుకున్నారు. ఏడాదిన్నర బుడ్డోడు కూడా "ఓప్చి" అన్నాడు.

లూమి వెనక్కి తిరిగి ఒక్కొక్కరి ముఖం చూసింది. తర్వాత చతికిలబడి, విప్పమన్నట్టు హిల్కా వైపు కాలు చాపింది.

మధ్యాహ్నం బఠాణీ సూపు వడ్డిస్తుంటే లూమి తలెత్తి, చక్కటి ఫిన్నిష్‌లో అంది. "టౌకో ఇంట్లో ఉన్నాడు. చెవి నొప్పి. ఏడ్చాడు. రేపు వత్తాడు."

గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"అత్తా, సూపు కారిపోతోంది," అంది సైమి.

హిల్కా పిల్వికి ఫోన్ చేసి చెప్పింది. అవతల ఆవులు అరుస్తున్నాయి. "ఇంకొక్కసారి చెప్పరూ... అచ్చం అది ఎలా అందో అలా," అంది పిల్వి.

ఏప్రిల్‌లో నర్సు బొమ్మలు చూపిస్తే కవలలు ఆమెకు మాట్లాడే సందివ్వలేదట. మే నెలలో ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లటానికి వచ్చిన పిల్వి గేటు దగ్గరే ఆగిపోయింది. ఇసుకలో ఎర్ర బకెట్ పట్టుకుని ఇద్దరూ చెరోవైపు లాగుతున్నారు.

"నాది!"

"నాది! నువ్వు నిన్న తీసుకున్నావ్!"

"నిన్న కాదు, మొన్న! నీకు నిన్నంటే తెలీదు!"

"విడదీయనా?" అని లేవబోయింది హిల్కా.

"వద్దండీ." పిల్వి గేటుకు ఆనుకుని, పాల వాసన కొట్టే చేతుల్తో కళ్లు తుడుచుకుంది. "కాసేపు కొట్టుకోనివ్వండి. ప్రతి ముక్కా అర్థమవుతోంది."