ఎంతమందైనా పర్వాలేదు

"ఎంతమందైనా పర్వాలేదు, తీసుకరాండ్రి. మా లేఖ చూసుకుంటది," అని తిరుమలేష్ హాల్లో ఫోన్లో చెబుతున్నాడు. ఆ చూసుకోవాల్సిన లేఖ వంటింట్లో నిలబడి బీరకాయలు చెక్కు తీస్తోంది. గోడకు ఆనించిన పుస్తకంలో మధ్యాహ్నం చెప్పాల్సిన పాఠం కూడా చూసుకుంటోంది. రేపు ఆదివారం ఇంటికి భోజనానికి జనం వస్తున్నారని ఆమెకు ఆ ఫోను వల్లనే తెలిసింది. అడగడం అనే పద్ధతి ఆ ఇంట్లో ఎప్పుడో పోయింది.

పూర్తి పేరు శ్రీలేఖ. కాపురం సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లో. తిరుమలేష్ జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ప్లాంటులో ఇంజనీరు. ఆమె జురాంగ్ ఈస్ట్‌లో ఒక ట్యూషన్ సెంటర్లో సెకండరీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. ఇంట్లో పనిమనిషి లేదు. "మెయిడ్ లేకుంటనే నడిపిస్తున్నం" అని తిరుమలేష్ నలుగురిలో చెబుతుంటాడు, ఆ అంట్లన్నీ తానే తోముతున్నంత ధీమాగా. ఎప్పుడో ఒక బతుకమ్మ పండక్కి, కేటరింగ్‌వాడు చెయ్యిస్తే, ఆమె ఒక్కతే అరవై మందికి వండిపెట్టింది. అప్పటినుంచీ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఆమెకో పేరు వచ్చింది. ఊళ్ళో అత్తగారు వీడియో కాల్‌లో "మా కోడలు పని రాక్షసి" అని పక్కింటివాళ్ళకు చూపించి మురిసిపోతుంది. సెంటర్ ఓనరు జీతం పెంచకుండా ఇంకో క్లాసు అంటగట్టి, కొత్తగా చేరిన టీచర్లతో "లేఖ చెయ్యగా లేంది మీకేం" అంటాడు. ఆ మాటలు ఆమెకు ఇష్టమే. అబద్ధమెందుకు, ఆ ఇంట్లో ఆమెకు దొరికే జీతం అదొక్కటే.

కానీ ఈమధ్య ఒళ్ళు నిలవడం లేదు. రైల్లో సీటు దొరికినా కూర్చోలేకపోతోంది. కూర్చుంటే ఏదో మర్చిపోయినట్టు, వెనక ఎవరో పిలుస్తున్నట్టు ఉంటుంది. లేచి తలుపు దగ్గర నిలబడి బ్యాగులో చెయ్యి పెట్టి తాళాలు ఉన్నాయో లేదో చూసుకుంటుంది, మళ్ళీ చూసుకుంటుంది. డాక్టరు రక్తపరీక్షలు చేయించి అన్నీ బాగున్నాయన్నాడు. బాగుండక ఏం, ఎవరికీ ఏ లోటూ రావడం లేదుగా.

ఆ మధ్యాహ్నం పాఠం స్టాలిన్ కాలపు పంచవర్ష ప్రణాళికలు. ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠం కనుక క్లాసులో పుస్తకం తెరవకుండానే వచ్చేస్తుంది. రాజధానిలో కూర్చున్నవాళ్ళు ఇంత ఉక్కు, ఇంత బొగ్గు కావాలని అంకెలు వేస్తారు. ఉరల్ కొండల దగ్గర ఏమీ లేని మైదానంలో చలికి వణుకుతూ, గుడారాల్లో బతుకుతూ జనం ఉక్కు నగరం కడతారు. అంకె అందకపోతే దేశద్రోహి అన్న ముద్ర. చేతకాదు అనే మాట అనడానికి వీల్లేదు కాబట్టి ఎవరూ అనరు. ఆ రోజుల్లోనే ఒక గని కార్మికుడు ఒక్క షిఫ్టులో తన కోటాకు పద్నాలుగు రెట్లు బొగ్గు తవ్వాడని దేశమంతా మోగిపోయింది. పత్రికల్లో ఫోటో, కొత్త ఫ్లాటు, ఇంట్లో ఫోను. అతను తవ్వుతుంటే పైకప్పు కూలకుండా వెనక దుంగలు నిలబెడుతూ వచ్చిన ఇద్దరి ఊసు ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడాది గనులన్నింటిలో అందరి కోటా పెంచారు. అందుకోలేనివాళ్ళకు కూలిలో కోత పడింది.

వెనక బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "అదర్ మైనర్స్ నాట్ యాంగ్రీ మెహ్, టీచర్?"

మిగతా గని కార్మికులకు కోపం రాకేం, అటువంటి వీరుల్ని తోటివాళ్ళు కొట్టిన సందర్భాలున్నాయి, పనిముట్లు పాడుచేసిన సందర్భాలున్నాయి, అని శ్రీలేఖ చెప్పింది. పరీక్షలో రెండు మార్కులకు రావచ్చు, రాసుకోండి అంది. పిల్లలు రాసుకున్నారు.

క్లాసయ్యాక స్టేషన్ దగ్గర చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కల్పన ఎదురుచూస్తోంది. కల్పన భర్త గోపీకృష్ణ తిరుమలేష్ కింద పనిచేస్తాడు. ఇద్దరిదీ తెనాలి, పెళ్ళయి వచ్చి రెండేళ్ళు. కల్పనకు ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. దానికోసం ఆమె ఎన్ని ఇంటర్వ్యూలు తిరిగిందో, మొదటి జీతం వచ్చిన రోజు ఎంత ఏడ్చిందో శ్రీలేఖకు తెలుసు. ఆ పిల్లంటే ఆమెకు ముద్దు. టీ తెచ్చి ముందు పెట్టి, రేపు తొందరగా రమ్మంది.

"నేను రానక్కా," అంది కల్పన. టీ ముట్టుకోలేదు. "మీ ఇంట్లో భోంచేసొచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో వారం రోజులు గొడవే. లేఖ వదిన ఉద్యోగం చేసుకుంటూ ఊరందరికీ వండుతుంది, నీకు ఇద్దరికి వండటానికి ఆయాసమా అంటాడు. చేతకాకపోతే ఉద్యోగం మానెయ్యమన్నాడు. సోమవారం రాజీనామా ఇచ్చెయ్యాలంట."

గోపీతో నేను మాట్లాడతా, అని శ్రీలేఖ అనబోయింది.

"మీరేం మాట్లాడతారక్కా? మీరు మంచివాళ్ళే. కానీ నిజం చెప్తున్నా, మీ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంత చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?"

ఆ మాటకు ముందు శ్రీలేఖకు కోపమొచ్చింది. రైలెక్కాక కూడా అది తగ్గలేదు. చేసిపెట్టినందుకు ఇదా ఫలితం, నడుం విరిగేలా చాకిరీ చేసి తిట్లు కూడా నేనే పడాలా, అనుకుంటూ తలుపు దగ్గర ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది. ఇన్నేళ్ళూ తనను తాను నలిగిపోతున్న మనిషిగానే ఎంచుకుంది. తనను చూపించి ఇంకొకరిని నలుపుతారని ఎన్నడూ తోచలేదు. ఎంతమంది ఇళ్ళలో తన పేరు ఇలా వాడుతున్నారో. ఆదివారం భోజనాలకు వచ్చే రజిత మొన్న ఎదురుపడి కూడా పలకరించకుండా పోయింది, తొందరలో ఉందేమో అనుకుంది తను. సెంటర్లో కొత్త టీచరు రెండు నెలలకే మానేస్తే ఈ కాలం పిల్లలకు ఓపిక లేదనుకుంది. అందరి కోటా పెంచింది తనే. పైగా ఆ గని కార్మికుడి వెనక దుంగలు మోసేవాళ్ళు ఇద్దరైనా ఉన్నారు, తన వెనక ఎవరున్నారు? తన నిద్ర ఉంది, తన మోకాళ్ళు ఉన్నాయి, "అమ్మా, వన్ మినిట్" అని కూతురు సరయు పిలిచినప్పుడల్లా తర్వాత తర్వాత అంటూ దాటేసిన సాయంత్రాలున్నాయి. పాఠం చెప్పేటప్పుడు రెండు మార్కుల విషయమనిపించినది ఇప్పుడు ఊపిరాడనివ్వడం లేదు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఇంకో రైలెక్కి వెనక్కి రావాల్సి వచ్చింది.

ఆదివారం తిరుమలేష్ షటిల్ ఆడి వచ్చేసరికి శ్రీలేఖ సోఫాలో పడుకుని ఉంది. పడుకోవడం ఎంత కష్టమో ఆమెకు ఆ రోజే తెలిసింది. చేతులు ఊరుకోవు. ఉల్లిపాయలు తరగలేదని, మటన్ తేలేదని, పెరుగు చాలదని ఒళ్ళంతా గోల పెడుతోంది. రెండుసార్లు లేచి మళ్ళీ బలవంతంగా పడుకుంది. బల్ల మీద ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో బీరకాయ పప్పు ఉన్నాయి. తిరుమలేష్ మూతలు తీసి చూసి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసి, ఫ్రిజ్ తెరిచి చూసి వచ్చాడు.

"ఏందిది లేఖా? ఒంట్ల బాగలేదా? జ్వరమా?"

జ్వరమంటే సరిపోతుంది. అందరూ అయ్యో అంటారు, హాకర్ సెంటర్ నుంచి బిర్యానీ పొట్లాలు వస్తాయి, ఆమె పేరు చెక్కుచెదరదు. కానీ జ్వరం తగ్గాక లెక్క మళ్ళీ అక్కడికే వస్తుంది. బాగానే ఉన్నానంది శ్రీలేఖ. అతను ఇంకేదో అడగబోయేలోపు బెల్ మోగింది.

పదిహేను మంది దాకా వచ్చారు. గోపీకృష్ణ వెనకాల కల్పన కూడా వచ్చింది. రానని చెప్పినా అతను వినలేదని ఆ మొహమే చెబుతోంది. అందరూ బల్ల చుట్టూ చేరి ఆ రెండు గిన్నెల్ని చూశారు. మిగతావి వంటింట్లో దాచారా వదినా, అని గోపీకృష్ణ నవ్వాడు. నవ్వుతూనే భార్య వైపు తిరిగి, వెళ్ళి వదినకి సాయం చెయ్యి, కొంచెమైనా నేర్చుకుంటావు అన్నాడు. కల్పన తల దించుకుని వంటింటి వైపు నడిచింది. తిరుమలేష్ గబగబా "ఇయ్యాల లేఖకు జ్వరం" అన్నాడు.

శ్రీలేఖ లేచి వచ్చి కల్పన చెయ్యి పట్టుకుని ఆపింది. పదేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించిన పేరు, ఒక్క మాటతో పోతుంది. ఆ పేరు తప్ప ఆమెకంటూ ఇంకేమీ లేదు కూడా. అయినా గోపీకృష్ణ కళ్ళలోకి చూస్తూ, అందరికీ వినబడేలా చెప్పింది.

"జ్వరం లేదు గోపీ. ఉద్యోగం చేసుకుంట ఇంతమందికి వండుడు నాకు చేతకాదు. ఎన్నడూ చేతకాలే, సచ్చి చేసిన. ఇగ మీ ఇంట్ల కల్పనను నాతోని పోల్చాలంటే, ఈ రెండు గిన్నెలతోని పోల్చు."