బజరు తీగ

సముద్రంలో మునిగేవాళ్ళని కాపాడే గార్డు, తన వాటర్ స్కూటర్‌కి తాడు కట్టి పడవతో ఈడ్చుకొచ్చాడు. ఇలా రావడం ఇది మూడోసారి. మరమ్మతు షెడ్డు ముందున్న సిమెంటు వాలు మీదికి దాన్ని ఎక్కించి, తాడు కింద పడేసి, అలిసిపోయిన గొంతుతో అన్నాడు.

"బజరు మళ్ళీ అరిచింది మేస్త్రీ."

మేస్త్రి పలకలేదు. అటు తిరిగి స్పానర్లు తుడుచుకుంటున్నాడు. చెల్లెలు చిన్ని చేతిలో పని వదిలేసి అన్న ఎదురుగా వెళ్ళి నిలబడింది. తనే కొత్తగా కబురు తెచ్చినట్టు, "బండి మళ్ళీ అరిచిందటన్నా" అంది. అప్పుడు తిరిగాడు మేస్త్రి.

"ఎక్కడ అరుస్తుందయ్యా! మొన్న నేనే కదా దాన్ని లోపలిదాకా తిప్పి తెచ్చింది! పాలు తాగిన పాపాయిలా ఉంది!" ఆ గొంతుకి పైన రేకులు మోగాయి.

"మెల్లిగా మైకూ, నాకు చెవుడు లేదు," అన్నాడు గార్డు. ఎప్పుడూ ఆ మాటకి తనే ముందు నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు.

మేస్త్రికి మైకు అనే పేరు కొత్తగా వచ్చింది. ఉన్నట్టుండి గొంతు ఎందుకు పెరిగిందో ఎవరూ అడగలేదు, పేరు మాత్రం పెట్టేశారు. చిన్నికి తెలుసు. జేబులో ఫోను మోగుతుంటే అన్న దర్జాగా గడ్డం గోక్కుంటూ కూర్చున్నప్పుడు ఆమెకి మొదటిసారి అనుమానం వచ్చింది. ఇంజను గుడగుడ, సుత్తి దెబ్బ, పడవ కూత బాగానే వినబడతాయి. సన్నటి చప్పుళ్ళే ఒక్కొక్కటిగా జారిపోయాయి. ఆ సంగతి అతనికే తెలియదు. "ఈమధ్య జనం నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడుతున్నారే చిన్నీ," అని లోకం మీద విసుక్కుంటాడు. ఇంట్లో వదినైతే బట్టలు ఆరేస్తూ, "మీ అన్నకి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనమ్మా," అని నవ్వుతుంది. ఆ నవ్వు విన్నప్పుడల్లా చిన్ని గుండెలో ఏదో పుటుక్కుమంటుంది.

చెప్పవచ్చు. కానీ ఇంజను రోగం చెవితో పట్టే మనిషికి నీ చెవి పోయిందని ఏ నోటితో చెప్పాలి? ఆడపిల్లకి షెడ్డులో ఏం పనని అందరూ మూతి విరిచినప్పుడు, చేతికి స్పానరిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నవాడు. పైగా కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. సంగతి బయటికి పొక్కితే ఈ ఒడ్డున ఒక్కడు కూడా బండి తీసుకుని ఈ గుమ్మం ఎక్కడు. అందుకే ఎవరేమన్నా అన్న ఎదుటికొచ్చి మళ్ళీ చెప్పడం ఆమె అలవాటు చేసుకుంది. అందరూ ఆమెది వాగుడనుకున్నారు.

గార్డు నేలచూపులు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"నిన్న ఒకాయన కొట్టుకుపోతున్నాడు. సగం దూరం వెళ్ళానో లేదో, బజరు మొదలైంది. ఇంకాస్త లాగితే ఇంజను పట్టేసి ఇద్దరం పోతాం. బండి వదిలేసి ఈదాను. అందుకునేసరికి ఆయన తల నీళ్ళలో ఉంది. బతికాడులే. ఇంకో రెండు బారలు ఎక్కువుంటే అందేవాడు కాదు. నువ్వు బాగుందన్నావనే దాన్ని తీశాను మేస్త్రీ."

మేస్త్రి చెల్లెలి వైపు చూశాడు. "ఏంటటా?"

చిన్ని అతని ఎదుటికి జరిగింది. "బండి మధ్యలో ఆపాల్సొచ్చిందట," అంది. అంతే అంది.

మేస్త్రి పనిలోకి దిగాడు. ఈ బండికి వేరే రేడియేటరు ఉండదు. కింద జాలీలోంచి నీళ్ళు లాక్కుని వెనక్కి చిమ్ముతూ ముందుకు పోతుంది. ఆ నీళ్ళలోనే కొంత ఒక గొట్టం గుండా ఇంజను చుట్టూ తిరిగి, దాన్ని చల్లబరిచి, పక్కనున్న చిన్న కన్నంలోంచి ధారగా బయటికొస్తుంది. ధార ఆగిందంటే ఇంజను కాగిపోతున్నట్టు. మొదటిసారి జాలీలో ఇరుక్కున్న నాచు, పాలితిన్ ముక్కలు పీకేశాడు. రెండోసారి లోపల పేరుకున్న ఉప్పు కరిగించి కడిగాడు. ఇవాళ జాలీ అద్దంలా ఉంది. గొట్టాలు పైకి నున్నగా ఉన్నాయి, ఎక్కడా మడత లేదు. పైపుతో నీళ్ళు పెట్టి నడిపితే ధార చక్కగా వచ్చింది.

"చూడు, గుర్రం ఉచ్చలా పడుతోంది!" అన్నాడు మేస్త్రి గర్వంగా. గార్డు మొహంలో మార్పు లేదు. బండి ముందున్న మీటరు ఎండకి మాడి ఎప్పుడో గుడ్డిదైపోయింది. వేడి సంగతి చెప్పడానికి మిగిలింది బజరొక్కటే.

మేస్త్రి కాసేపు ఆలోచించి తొడ చరిచాడు. "దొరికింది! ఇంజనుకేం లేదయ్యా. బజరుకే పిచ్చెక్కింది. నేను నడిపితే అరవదు, నువ్వు నడిపితే అరుస్తుంది! దొంగ కూత. ఆ తీగ తెంపేస్తే పీడా పోతుంది."

పెట్టెలోంచి కటింగ్ ప్లయరు తీసి హ్యాండిలు కింద చెయ్యి పెట్టాడు. ఎర్ర తీగ వేళ్ళకి చిక్కింది.

గార్డు తల గోక్కున్నాడు. "అంతేనంటావా?" అన్నాడు, నమ్మాలనుకునే వాడిలా. మేస్త్రి మాట మీద అతనికి అంత గురి. ఆ గురి చూసే చిన్ని ఒక్క ఉదుటున ముందుకొచ్చింది.

"అన్నా, ఆగు!" అని మేస్త్రి మణికట్టు పట్టుకుంది. "తెంపకు. ఒక్కసారి తిప్పి చూద్దాం. నేనూ ఎక్కుతా."

"నువ్వెందుకే?"

"ఊరికే. గాలికి."

"గాలికట! పనున్న రోజే దీనికి షికారు గుర్తొస్తుంది," అని గొణిగినా, ప్లయరు జేబులో వేసుకున్నాడు.

ఒడ్డు దగ్గర ఇంజను బుద్ధిగానే ఉంది. ధార పడుతూనే ఉంది. లోపలికెళ్ళాక మేస్త్రి వేగం పెంచాడు. నీళ్ళు మొహాన కొడుతుంటే చిన్ని అన్న నడుము పట్టుకుని పక్కకి వంగి కన్నం వైపే చూసింది. వేగం పెరిగిన కొద్దీ ధార సన్నబడింది. దారమైంది. తెగిపోయింది.

అప్పుడు మొదలైంది బజరు. చెవిలో సూది పెట్టి తిప్పుతున్నట్టు, ఎడతెరిపి లేకుండా.

మేస్త్రి వెనక్కి తిరిగి నవ్వాడు. చిన్నప్పుడు ఆమెని సైకిలెక్కించుకుని తిప్పేటప్పటి నవ్వు. "విన్నావా! కిక్కురుమంటోందా? నేను చెప్పలేదూ!"

ఆ కూతలోంచి వచ్చిన ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చింది. వేడి తగులుతోందనో, కడుపులో తిప్పుతోందనో ఇప్పుడు కూడా ఒక అబద్ధం ఆడవచ్చు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. జేబులోంచి ప్లయరు పిడి బయటికి కనబడుతోంది. దాన్ని చూసి ఆమె చెయ్యి ముందుకి చాపింది. అన్న వేలు పట్టుకుని హ్యాండిలు కిందికి లాక్కెళ్ళి బజరు బిళ్ళ మీద నొక్కి పెట్టింది.

బిళ్ళ జోరీగలా వణుకుతోంది. మేస్త్రి వేలికి ఆ వణుకు తెలిసింది. మొహంలో నవ్వు ఇంకా పోలేదు, కళ్ళు మాత్రం మారిపోయాయి. వేలు తీశాడు. మళ్ళీ పెట్టాడు. తర్వాత ఇంజను ఆపేశాడు.

బండి నీళ్ళ మీద ఊగుతోంది. అతను వెనక్కి తిరగలేదు.

"ఎప్పట్నించి?"

ఆమె ముందుకి వంగి అతని కుడి చెవి దగ్గర చెప్పింది. "పోయిన చలికాలం నించి."

"నీకు తెలుసు."

"తెలుసు."

"మీ వదినకి?"

"తెలీదు. నవ్వుతుంది."

హ్యాండిలు మీంచి చేతులు తీసి అడిగాడు. "ఇందాక గార్డు అంతసేపు మాట్లాడాడు. నువ్వు ఒక్క ముక్కే చెప్పావు. మిగతాది చెప్పు."

చెప్పింది. కొట్టుకుపోతున్న మనిషిని, వదిలేసిన బండిని, నీళ్ళలో ఉన్న తలని, ఏదీ దాచలేదు. మేస్త్రి తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ విన్నాడు. ఎంత విన్నాడో ఆమెకి తెలియదు. రెండోసారి చెప్పించుకోలేదు.

గార్డు పడవలో వచ్చి వాళ్ళని లాక్కెళ్ళాడు.

ఒడ్డున మేస్త్రి నేరుగా ఇంజను పెట్టె తెరిచి, పంపు దగ్గర్నుంచి వచ్చే గొట్టం విప్పాడు. పైనుంచి కొసదాకా వేళ్ళతో పిసుక్కుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. కత్తితో నిలువునా చీల్చాడు. లోపలి రబ్బరు పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. నీళ్ళు మెల్లగా వస్తే పక్కకి ఒరుగుతుంది, జోరుగా వస్తే లేచి దారి మూసేస్తుంది. మామూలు రోజైతే ఊరందరినీ పిలిచి చూపించేవాడు. ఇవాళ దాన్ని బల్ల మీద పెట్టి, కొత్త గొట్టం బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

"దొరికిందా మేస్త్రీ?" గార్డు ఎదురుగా వచ్చి అడిగాడు.

మేస్త్రి అతని పెదాలకేసి చూశాడు. ఆ చూపు చిన్ని ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఒకరి ముందు చేయి చాచబోయే మనిషి చూసే చూపు.

"దొరికింది," అన్నాడు. గొంతు ఎంత ఎత్తాలో తెలియక ఈసారి మరీ తగ్గించేశాడు. "కానీ నేను బాగుందంటే నువ్విక నమ్మకు. నాకు బజరు వినబడదు. మొన్నా వినబడలేదు."

గార్డు బల్ల మీది గొట్టాన్ని, మేస్త్రిని చూసి, కాలితో తాడు పక్కకి నెట్టాడు. "సాయంత్రం వచ్చి తీసుకెళ్తాలే," అని వెళ్ళిపోయాడు. మైకూ అనలేదు. ఆ పేరు కూడా పోయిందని చిన్నికి అర్థమైంది.

మేస్త్రి తాళం ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వెళ్ళి చూసిరా."

"నువ్వూ రా అన్నా."

"వచ్చి ఏం వింటాను?"

ఆమె ఒక్కతే వెళ్ళింది. ఎంత వేగం పెంచినా ధార తెగలేదు, బజరు పలకలేదు. బండికి రోగం కుదిరింది. వెనక్కి తిరిగి చెయ్యెత్తి బాగుందని ఊపింది. వాలు చివర, నీళ్ళు పాదాల మీదికి వచ్చేచోట అన్న నిలబడి ఉన్నాడు. ఎవరి బండైనా నీళ్ళలో ఉంటే వీపు ఇటు పెట్టి, తల ఒక పక్కకి వంచి వినే మనిషి, ఇవాళ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. అతను చెయ్యెత్తలేదు.

ఇక వెళ్ళాలి. వెళితే సాయంత్రం ఇంటికి నడవాలి, వదినకి చెప్పాలి, రేపు పొద్దున షెడ్డు తలుపు తియ్యాలి. చిన్ని హ్యాండిలు ఒడ్డువైపు తిప్పలేకపోయింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అనుకుంటూ, చక్కగా నడుస్తున్న ఆ బండి మీద నీళ్ళలోనే తిరుగుతూ ఉండిపోయింది.