దొరక్కూడదని కోరుకునే మౌస్

నేను ఒక మౌస్‌ని. పరదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి వచ్చి, విశాఖపట్నంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పైడిరాజు గారి బల్ల మీదికి చేరాను. ఆ కంపెనీ బ్లడ్ బ్యాంకులకు ప్రోగ్రాములు రాస్తుంది. ఆరేళ్లుగా ఆయన అరచేతి కిందే నా బతుకు.

ఏ ఫైలు ఎక్కడుందో తెలియాలంటే అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన నా చక్రం తిప్పుకుంటూ, ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరుచుకుంటూ వెళ్లి, "ఇదుగో, ఇక్కడుంది" అనేవారు. ఆ గొప్పలో సగం నాదే అనుకునేదాన్ని.

అప్పుడు గుంటూరు నుంచి నస్రీన్ ఉద్యోగానికి వచ్చింది. నెల తిరక్కుండానే ఒక సెర్చ్ పెట్టె తయారుచేసి అందరికీ ఇచ్చింది. మాట టైపు చేస్తే చాలు, రెప్పపాటులో ఫైలు దొరికేది. ఇక మా బల్ల వైపు వచ్చేవాళ్లే లేరు. కీబోర్డుల టకటక వింటే నాకు ఒళ్లు మండేది. ఆయనకూ అంతే. నస్రీన్ టీకి పిలిస్తే పనుందని తప్పించుకునేవారు. పనేమీ లేదని నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. రక్తదాన శిబిరంలో తీసుకున్న 'ఓ నెగటివ్' గ్రూపు రక్తం సంచి మీద 'ఓ పాజిటివ్' అని అచ్చయిందట. అక్కడి నర్సు చూడబట్టి ఎవరికీ ఎక్కించకుండా ఆగింది. మా ప్రోగ్రాములో శిబిరాల కోసం ఉన్న పేజీ ఎప్పుడో రాసిపెట్టినది. దాని వాడకం మొదలైంది మాత్రం ఆ వారమే.

నస్రీన్ 'నెగటివ్' అని సెర్చ్ చేసింది. దొరికిన ప్రతి చోటూ సరిగ్గానే ఉంది. మళ్లీ వెతికింది. మళ్లీ అంతే.

నాకు పండగలా ఉంది. పైడిరాజు గారు నన్ను అందుకున్నారు. పాత ఫోల్డర్లలోకి దిగి, వరస తరవాత వరస చదువుతూ ఒకచోట ఆగిపోయారు. నెగటివ్ అనే ఇంగ్లీషు మాటలో 'ఏ' ఉండాల్సిన చోట 'ఈ' అక్షరం ఉంది. నెగటివ్ అని గుర్తుపట్టలేక ప్రోగ్రాము పాజిటివ్ అని అచ్చువేస్తోంది. తప్పు మాటను సెర్చ్ ఎలా పట్టుకుంటుంది?

గెలిచాం అనుకున్నాను. కానీ ఆయన నన్ను వదిలేసి, కుర్చీ నస్రీన్ వైపు తిప్పారు.

"ఎలా కనిపెట్టారు సార్?" అంది నస్రీన్.

ఆ తప్పు ఎవరిదో చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా ఆయనే చెప్పారు.

"ఈ పేజీ రాసింది నేనేనమ్మా, తొమ్మిదేళ్ల కిందట. ఇదే తప్పు ఇంకెక్కడ చేసేనో గుర్తులేదు. ఆ తప్పు మాటే నీ పెట్టెలో కొట్టి చూడు."

ఆమె కొట్టింది. ఇంకో మూడు చోట్ల బయటపడింది. అన్నీ ఇద్దరూ కలిసే దిద్దారు.

"ఈ పాత ఫోల్డర్లలో ఏది ఎందుకుందో నాకు చెప్తారా సార్?"

"ఏటమ్మా, అలా నిలబడ్డావ్? కుర్చీ లాక్కో" అన్నారాయన.

ఆయన అసూయ ఆ పూటతో పోయింది. నాది పోలేదు. ఇప్పుడాయన కూడా ముందు ఆ సెర్చ్ పెట్టెలోనే టైపు చేస్తారు. దొరక్కపోతేనే నన్ను పట్టుకుంటారు. దొరక్కూడదని రోజూ కోరుకుంటాను.