గుండు కింద మట్టి

మూడో రాడ్డు సగం దిగేసరికి అతను బోరు నోటి దగ్గర జల్లెడ పట్టుకుని ఒంగి ఉన్నాడు. లోపలి నుంచి గాలి ఎగదన్నిన మట్టి జల్లెడలో పడుతోంది. రెండుసార్లు విదిలించి, మిగిలినదాన్ని గోడ వారగా కుప్ప పోశాడు. పది అడుగులకు ఒక కుప్ప. అది అయిదోది. మొదటి నాలుగూ ఎర్రగా ఉన్నాయి. అయిదోది కాస్త పసుపు తిరిగింది.

ఇరవై ఆరేళ్ళుగా అదే పని. బోరు బండి యజమానులు మారారు, డ్రిల్లర్లు ముగ్గురు మారారు. జల్లెడ పట్టే చెయ్యి మాత్రం మారలేదు. అందుకే అందరికీ అతను జల్లెడ మామ. కంప్రెసర్ మోత కుడి చెవిని పూర్తిగా, ఎడమ చెవిని సగం తినేసింది. దుమ్ము ఊపిరితిత్తులను ఎంత తిన్నదో అతను ఏ డాక్టరునూ అడగలేదు. ముక్కూ నోరూ మూసేలా గళ్ళ తువ్వాలు చుట్టి వెనక ముడి వేసుకునేవాడు. ఆ ముడి భార్య నేర్పింది. లాగినకొద్దీ బిగుసుకునే ముడి.

బోరు వేయించుకుంటున్నామె బట్టలు కుట్టి బతుకుతోంది. ముందు గదిలో మిషను, వెనక చిన్న వంటగది, పెరట్లో నాలుగు మంచాల జాగా. మెడలో టేపు వేలాడుతుండగానే పొద్దుటి నుంచి గుమ్మంలో నిలబడి ఉంది. రెండు మిషన్లలో ఒకటి అమ్మిందని డ్రిల్లరు వచ్చేటప్పుడే చెప్పాడు. ఆ డబ్బు మోటారుకట. తవ్వడానికీ పైపులకూ వేరే దాచుకుంది. అంతకు మించి ఆమె దగ్గర ఏమీ లేదు.

యాభై ఆరు అడుగుల దగ్గర చప్పుడు మారింది. అతని చెవికి అందలేదు గాని, అరికాళ్ళకు తెలిసింది. నేల వణుకు పొట్టిగా, గట్టిగా వచ్చింది. ఎర్రమట్టి ఆగి తెల్లటి పొడి లేచింది. డ్రిల్లరు అరవైకి తెచ్చి ఆపాడు.

"రాయి తగిలిందక్కా! అదృష్టవంతురాలివి. మూడు పైపులతో సరిపోయింది. దించేస్తాం."

పై మట్టి కూలకుండా, గట్టి రాయి తగిలేదాకా పైపు దించుతారు. అక్కడి నుంచి రాయే గోడ. తవ్వకం కన్నా పైపుకే అడుగుకు ఎక్కువ పడుతుంది. మూడింటితో సరిపోయిందంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆమెకూ అలాగే అయినట్టుంది, టేపు కొనతో మొహం తుడుచుకుంది.

అతను జల్లెడలోని రాతి ముక్కలను అరచేతిలో పోసుకుని మగ్గుతో నీళ్ళు పోసి కడిగాడు. ఒక్కొక్కటే వేలితో తిప్పి చూశాడు. తువ్వాలు గడ్డం కిందకి లాగాడు. అతను అలా లాగాడంటే మాట్లాడబోతున్నాడని అర్థం. అది నెలకోసారి జరిగేది.

"ఇది పరుపు రాయి కాదు. గుండు."

"మొదలెట్టాడు," అన్నాడు డ్రిల్లరు. "మామా, సాయంత్రం ఇంకో చోట బండి దించాలి. నీకు రాళ్ళు చుట్టాలైతే తీరిగ్గా ఆదివారం మాట్లాడుకో."

అతను పక్కకు జరిగి ఆమెకు అరచెయ్యి చూపించాడు.

"చూడు తల్లీ. ఈ పక్క తుప్పు పట్టినట్టు లేదూ? కింద పరుచుకున్న రాయి పగిలితే ముక్క నాలుగు వైపులా కొత్తగా ఉంటుంది. ఇది మట్టిలో కూరుకున్న బండ. దీని కింద మళ్ళీ మట్టే."

"బండ ఎంత మందం ఉంటుంది?"

"తెలీదు."

"కింద మట్టి ఎంత లోతుంటుంది?"

"తెలీదు."

డ్రిల్లరు పకపకా నవ్వాడు. "విన్నావా అక్కా! ఏమీ తెలీదు, నువ్వు మాత్రం డబ్బు పెట్టు అంటాడు. మా ఓనరు కన్నా ఘటికుడు."

ఆమె నవ్వలేదు. "ఇంకో రెండు పైపులు పడితే నాకు మోటారు ఉండదు పెద్దాయనా. మోటారు లేని బోరు పెట్టుకుని ఏం చెయ్యను? అందులోకి తొంగి చూసి మొహం చూసుకోనా?"

"మోటారు వచ్చే ఏడైనా కొనుక్కోవచ్చు. పైపు మళ్ళీ దించలేవు. మట్టి కూలితే బోరూ పోతుంది, అందులో దించిన మోటారూ పోతుంది."

ఆమె అతన్నే అడిగింది.

"మీ ఇంట్లో బోరుందా?"

"ఉంది."

"నీళ్ళొస్తాయా?"

"మూడు పైపులతో ఆపాను," అన్నాడతను.

పద్నాలుగేళ్ళ కిందటి సంగతి. యజమాని దయ తలచి ఒక పూట బండి ఇచ్చాడు. తన పెరట్లోనూ యాభై అడుగులు దాటాక ఇలాగే తెల్లపొడి లేచింది. ముక్కలు కడిగి చూసుకున్నాడు. తుప్పు కనబడింది. కనబడలేదనుకున్నాడు. పైపుల డబ్బు మిగిలింది. మొదటి వానాకాలం గడిచింది. రెండో వానాకాలం ఒక పొద్దున మోటారు బురద కక్కి ఆగిపోయింది. పైకి లాగితే తాడు తెగింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు అతని భార్య వీధి చివరి కొళాయికి నడిచింది. రోజుకు ఆరు బిందెలు. ఊరంతటికీ బోర్లు వేసేవాడి భార్య కొళాయి దగ్గర వరసలో నిలబడిందని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. "మీకు బోరుందిగా?" అంటే "ఎండిపోయింది" అనేది. కూలిందని ఎవరికీ చెప్పలేదు. అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అది ముగిసిపోయేది. ఆసుపత్రి మంచం మీద చివరిసారి కళ్ళు తెరిచి, "నీళ్ళు పట్టావా?" అని అడిగింది. పట్టానన్నాడు. అదీ అబద్ధమే.

ఇవేవీ అతను కుట్టుపనామెకు చెప్పలేదు. తువ్వాలు మళ్ళీ ముక్కు మీదికి లాక్కున్నాడు.

ఆమె ఇంట్లోకి వెళ్ళింది. మిషను ముందు కూర్చుంది. మిషను కదల్లేదు. డ్రిల్లరు బీడీ ఒకటి కాల్చి పారేసేదాకా కూర్చుని బయటికొచ్చింది.

"ఇంకా తవ్వండి."

"అక్కా, నీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు."

"నిన్ననను. నన్ను నేనే అనుకుంటాను."

అరవై తొమ్మిది దగ్గర తెల్లపొడి ఆగిపోయింది. రాడ్డు ఒక్కసారి జారినట్టయి, బోరు నోట్లోంచి ఎర్రమట్టి ఎగిసి డ్రిల్లరు చొక్కా మీద పడింది. అతను దులుపుకోలేదు. నవ్వనూ లేదు. జల్లెడ మామ గోడ వారగా ఎనిమిదో కుప్ప పోశాడు. తెల్లటి ఏడో కుప్ప పక్కన అది పచ్చి పుండులా ఉంది. తొంభై రెండు దగ్గర నీలంగా, నాలుగు వైపులా కొత్తగా ఉన్న ముక్కలు వచ్చాయి. అయిదు పైపులు దించారు. మోటారు డబ్బు అక్కడికి పోయింది.

రెండు వందల పది దగ్గర పొడి తడిసింది. రెండు వందల ఎనభై దగ్గర నీళ్ళు పడ్డాయి. పెద్ద ధార కాదు, ఒక ఇంటికి చాలినంత. గాలి తోస్తే గోడ ఎత్తు లేచి పడ్డాయి. ఆమె రెండు చేతులూ చాపి పట్టుకుని చూసింది. "బురదగా ఉన్నాయి," అంది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చింది. అది సంతోషమో మోటారో అడిగేవాళ్ళు లేరు.

"ఇంకో వంద వేద్దామా? నీళ్ళు దంచేస్తాయి!" అన్నాడు డ్రిల్లరు.

జల్లెడ మామ తల అడ్డంగా ఊపాడు. కింద అంతా ఒకటే నల్లరాయి, పగులు లేదు. ఆపేశారు.

రాడ్లు ఒక్కొక్కటే పైకి తీశారు. బోరు నోటికి బిగించాల్సిన మూతను బండి డ్రైవరు షెడ్డులోనే మరిచిపోయి వచ్చాడు.

"ఓ రాయి పెట్టెయ్ మామా, చాలు. రేపు ఎవడో ఒకడు తెస్తాడు," అన్నాడు డ్రిల్లరు.

రాయిని పిల్లలు దొర్లిస్తారు. అతను తన తువ్వాలు విప్పాడు. నీళ్ళలో జాడించి పిండి, నాలుగు మడతలు పెట్టి పైపు నోటి మీద పరిచాడు. చుట్టూ ఇనుప తీగ బిగించి, తువ్వాలు కొసలను తీగ మీదుగా తెచ్చి ముడి వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు. అప్పుడు దగ్గు వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అది పోయేదాకా ఆగాడు. తర్వాత కుప్పల వరస పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జల్లెడ ఒళ్ళో పెట్టుకున్నాడు.

బండి సర్దడానికి ముప్పావుగంట పట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"చెవిటాయనకి హారన్ ఏంట్రా, వెళ్ళి తట్టు," అన్నాడు డ్రిల్లరు.

డ్రైవరు వెళ్ళి భుజం తట్టాడు. జల్లెడ జారి దొర్లుకుంటూ వెళ్ళి ఎనిమిదో కుప్ప మీద పడింది.

ఎవరికి చెప్పాలో వాళ్ళకు తెలియలేదు. అతని ఫోనులో ఉన్నవి మూడు నంబర్లు. రెండు బండివాళ్ళవి. మూడోదానికి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. కుట్టుపనామె లోపలి నుంచి కొత్త తెల్లగుడ్డ తెచ్చి కప్పింది. ఎవరిదో ఆర్డరు గుడ్డ. చీకటి పడకముందే బండి రెండో చోటికి వెళ్ళింది. అక్కడ జల్లెడ డ్రైవరు పట్టాడు.

మూత ఎవరూ తేలేదు. వానాకాలం వచ్చి వెళ్ళింది. ఆ వీధిలో రెండు బోర్లు కూలాయి. ఆమె ఒక్క మిషను మీదే కుడుతూ మోటారు కోసం కూడబెడుతోంది. ఒకసారి లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూద్దామని ముడి విప్పబోయింది. లాగినకొద్దీ బిగుసుకుంది. కత్తెర చేతిలోనే ఉంది, కొయ్యడానికి మనసు రాలేదు. మిషను దగ్గర తలెత్తినప్పుడల్లా కిటికీలోంచి కనిపిస్తుంది, ఎండకు గళ్ళు వెలిసిపోయి, వానకు బిర్రబిగిసి, అయిదు పైపుల లోతును మూసుకుని ఉన్న ఆ తువ్వాలు.