తుడిచిన అద్దం

ఎనిడ్ పోయిన మర్నాడు కూతురు గ్లెనిస్ పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి వంటింటి బల్ల మీద బోర్లించింది. అన్నీ ఫోటోలే. చర్చిలో అందరికీ పంచే కాగితం మీద వేయడానికి అమ్మ ముఖం ఒకటి కావాలి. సాయంత్రంలోగా అచ్చుకివ్వాలి.

తండ్రి హోరస్ ఎదురుగా కూర్చున్నాడు. ముందున్న టీ మీద తొరక కట్టింది. తాగాలని తోచలేదు.

మొదటిది నల్ల మోరిస్ మైనర్ కారు. పక్కన ఎనిడ్ భుజం, చేతిసంచి. తల లేదు. తరువాతది బూడిదరంగు ఆస్టిన్ కేంబ్రిడ్జ్, కొన్న రోజున ఇంటి ముందు తీసింది. ఎనిడ్ కారు వెనక, గుమ్మంలో ఉంది, గోరంత. కారు మొత్తం పడాలని హోరస్ ఎప్పుడూ రోడ్డు అవతలికి వెళ్లి తీసేవాడు. బంపర్ తెగితే ఫోటో పాడైనట్టే లెక్క. మనిషి తెగితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ వీధిలో మగవాళ్లంతా అలాగే తీశారు. వయసు మళ్లాక ఎనిడ్ కెమెరా కనబడితే చాలు, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"ఇన్నిట్లో అమ్మ ఏది నాన్నా?"

"ఉంటుంది. చూడు."

"చూస్తూనే ఉన్నాగా. హెడ్‌లైట్లయితే కావలసినన్ని ఉన్నాయి."

హోరస్‌కు కోపం రాలేదు. సిగ్గూ రాలేదు. ఏదో ఒకటి రావాలని మాత్రం తెలుస్తోంది.

అన్నిటికీ అడుగున, సెలవులకు బార్మత్ వెళ్లినప్పటి ఫోటో దొరికింది. సముద్రపు ఒడ్డు, వాన. అలాంటప్పుడు అందరూ చేసేదే వాళ్లూ చేశారు. ఆస్టిన్‌ను సముద్రం వైపు తిప్పి ఆపి, అద్దాలు ఎత్తుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ లోపలే కూర్చున్నారు. తడిసిన రంగు బాగా మెరుస్తుందని హోరస్ ఒక్కడే దిగాడు. ముందు అద్దమంతా ఆవిరి పట్టి తెల్లగా ఉంది. ఎనిడ్ కూర్చున్న వైపు మాత్రం ఒకచోట గుండ్రంగా తుడిచి ఉంది. అందులో ఆమె ముఖం. సూటిగా అతన్నే చూస్తోంది. నోరు తెరిచి ఉంది.

"నీతో ఏదో అంటోంది. ఏమంది నాన్నా?"

హోరస్ చాలాసేపు చూశాడు.

"గుర్తు లేదు. నేను బంపర్ చూసుకుంటున్నా."

గ్లెనిస్ లేచి సొరుగులోంచి కత్తెర తీసింది.

"ముఖం వరకూ కత్తిరించి పెద్దది చేయించనా?"

"మసకబారుతుంది. మొత్తం వేయించు."

"కారుతో సహానా? జనం నవ్విపోతారు."

"మీ అమ్మ అందులో ఉంది కదే."

అంత్యక్రియల నాడు చర్చి బయట సన్నగా జల్లు పడుతోంది. పక్కింటి కెన్ కాగితం పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"మంచి మనిషి, పాపం," అన్నాడు. కాగితాన్ని కళ్లకు ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది నీ ఆస్టినే కదూ? ఏ ఏడాదిదోయ్?"

ఏ ఏడాదిదో, గాలనుకు ఎన్ని మైళ్లిచ్చేదో హోరస్‌కు నోటికి వచ్చు. మామూలుగా అయితే అడక్కముందే చెప్పేవాడు. ఇప్పుడు కెన్ వేలు పట్టుకుని, బానెట్ మీంచి పైకి జరిపి, ఆ గుండ్రం మీద ఆపాడు.

"ఇదిగో, ఎనిడ్," అన్నాడు. "ఆ రోజు వాన."