కుండీలో మిగిలిన ఆలివ్

ఊళ్ళో తోటలు తగలబడిన ఆగస్టులో ఎవాంథియా పిరయస్ ఓడరేవు పట్నంలో, నాలుగో అంతస్తు ఇంట్లో, టీవీ ముందు నిలబడి ఉండిపోయింది. ఆమె ఊరున్న ఎవియా దీవి ఉత్తరం వైపంతా రోజుల తరబడి మండింది. నాన్న పెంచిన నూట పది ఆలివ్ చెట్లలో ఒక్కటీ దక్కలేదని తర్వాత ఎవరో ఫోన్ చేసి చెప్పారు. నాన్న అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. ఆ తోటలోది ఆమెకు మిగిలింది ఒక్క మొక్కే. ఒకప్పుడు ఆయన ఓ చెట్టు మొదట్లోంచి పిలక తవ్వి, ప్లాస్టిక్ కుండీలో పెట్టి ఇచ్చాడు. అది బాల్కనీలో ఉంది.

ఆ రోజు నుంచి ఆమె దాని మట్టి ఆరనివ్వలేదు. పొద్దున ఒక చెంబు, కుట్టుపని దుకాణం నుంచి వచ్చాక ఇంకో చెంబు. చలికాలం వచ్చినా మానలేదు. ఆకులు పసుపుబారి రాలుతుంటే, దాహమేమోనని ఇంకో చెంబు పోసింది.

కింది ఇంట్లో స్ట్రాటిస్ ఉంటాడు. ఓడల్లో వంటవాడిగా చేసి మానుకున్న ముసలాయన. ఎనిమిదేళ్ళుగా మెట్ల మీద పలకరింపులే తప్ప ఇద్దరికీ మాటల్లేవు. ఫిబ్రవరిలో ఒక ఉదయం తడి చొక్కా పట్టుకుని పైకొచ్చాడు.

"అమ్మాయ్, ఈ చొక్కా ఈ వారంలో రెండుసార్లు ఉతికి ఆరేశాను, రెండుసార్లూ పైనుంచి నీళ్ళు కారాయి. వానేమో అనుకుని చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు."

"తప్పయిపోయింది బాబాయ్. మొక్కకి నీళ్ళు పోస్తున్నా."

"మొక్కకా, గాడిదకా?"

ఆయనే లోపలికొచ్చి, బాల్కనీలో కుండీ మట్టిలో వేలు గుచ్చి వాసన చూశాడు. ముఖం చిట్లించాడు.

"వేళ్ళు కుళ్ళుతున్నాయి. ఆలివ్‌కి ఇన్నిన్ని నీళ్ళు ఎవరు పొయ్యమన్నారు నిన్ను?"

"ఎండిపోతుందేమోనని."

"ఎండకి అదేం చావదు. నువ్వు పోసే నీళ్ళకే చస్తోంది."

ఆమె కుర్చీలో కూలబడింది. తోట సంగతి అప్పుడు చెప్పింది. మంటల తర్వాత ఆ మాట ఒక మనిషితో పైకి అనడం అదే మొదలు. ముసలాయన ఓదార్చలేదు. చొక్కా భుజాన వేసుకుని దిగిపోయాడు. ఆదివారం మట్టి కుండీ, ఇసుక సంచీ మోసుకుని, రొప్పుతూ మళ్ళీ వచ్చాడు.

ఇద్దరూ మొక్కను పెకలించారు. నల్లగా మెత్తబడిన వేళ్ళను ఆమె వంటింటి కత్తితో కోసేసింది. కొమ్మల్ని సగానికి కత్తిరించారు.

"నేను చెప్పేదాకా చెంబు ముట్టుకోకు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. అదే కష్టం."

నిజంగానే కష్టమైంది. పొద్దున లేస్తే చేతులకి పని లేదు. సాయంత్రం ఇంటికి త్వరగా రావడానికి కారణం లేదు. మిగిలిన ఆకులూ రాలి మొక్క పుల్లలా మిగిలింది. దాన్ని చూస్తూ కూర్చోలేక, ఏప్రిల్‌లో ఒక శనివారం ఆమె బస్సెక్కి, దీవికి వేసిన వంతెన దాటి ఊరికి వెళ్ళింది.

కాఫీ కొట్టు బయట కూర్చున్న ముసలామె కళ్ళు చికిలించి, "ఎవరి పిల్లవే?" అంది. నాన్న పేరు చెబితే, "ఆయన పోయాడుగా" అని కాఫీ తాగుతూ ఉండిపోయింది.

తోట దాకా నడిచింది. అన్నీ బొగ్గయిన మొద్దులు. కానీ ప్రతి రెండు మూడింటికొకటి, మొదలు దగ్గర, మోకాలెత్తున పిలకలు వేసింది. వాటికి ఎవరూ నీళ్ళు పోయలేదు. ఎవరూ కాపలా లేరు. ఆమె ఒక మొద్దు పక్కన కూర్చుని ఏడ్చింది. పక్కన "అదిగో చూడు" అని చూపించడానికి ఒక్క మనిషి లేడు.

మే నెలలో కుండీలోని మొక్క కూడా పైనంతా ఎండిపోయి, అడుగున రెండు చిగుళ్ళు వేసింది. స్ట్రాటిస్ వచ్చి, వంగి చూసి, పై కాండాన్ని రంపంతో కోసేశాడు. కాఫీ తాగాడు. ఇంకాసేపు ఉంటాడేమోనని ఆమె బిస్కెట్లు కూడా పెట్టింది.

"మందుబిళ్ళ వేసుకునే వేళయింది అమ్మాయ్" అని లేచాడు.

మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు, తర్వాత కింద తలుపు పడిన చప్పుడు వినిపించాయి. ఆమె కాఫీ కప్పులు రెండూ కడిగి బోర్లించింది.