కళ్లు మూసుకొని ఎత్తిన చేతులు

పుంగనూరు దారిలో ఉన్న మా కొండ మీదికి ఆ పొద్దున జేసీబీ ఎక్కింది. పరకగడ్డి వేళ్లతో సహా లేచిపోతుంటే మేమంతా చూస్తూ నిలబడ్డాం. ఆ గడ్డి కోసి చీపుర్లు కట్టి బతికే ఊరు మాది. గింజ ముదిరాకే కోస్తాం. కోసిన కట్టను అక్కడే బండకేసి కొట్టి, గింజ రాల్చాకే కొండ దిగుతాం. గింజ దేవుడిది, పరక మనది అని మా అవ్వలు నేర్పారు.

అడవిని కాపాడే పథకమని బోర్డు పెట్టారు. కాపాడడానికి జేసీబీ ఎందుకు? ఒకప్పుడు మదనపల్లెకు కట్టెలు కావాలని కొండను నరికించారు. తర్వాత కుప్పం దిక్కుకు బొగ్గు కావాలని కాల్పించారు. ఇప్పుడు ఏదో కంపెనీకి నీలగిరి చెట్లు కావాలట. అడిగే సరుకు మారింది. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

"యాల అడగలేదప్పా? ఊరంతా ఒప్పుకొని చేతులెత్తినారే!" కాంట్రాక్టరు రామచంద్ర నవ్వుతూ ఫోన్ చూపించాడు.

ఫోటోలో మేమే. మా చర్చి వాకిట్లో, కళ్లు మూసుకొని, చేతులెత్తి. మొన్నొకనాడు అతనే అడవి మీటింగని పిలిచి, ముందు వాన కోసం ప్రార్థన చేయమన్నాడు. చేశాం. కళ్లు తెరిచేసరికి మీటింగు అయిపోయిందన్నాడు.

"థూ! అవి దేవునికెత్తిన సేతులు, నీకు గాదు," అంది మాలో పెద్దది యేసమ్మ.

గొర్రెలు మేపే ఎల్లప్ప మా మీదే మండిపడ్డాడు. "మీ ప్రార్థనలే కొంప ముంచినాయి. నా గొర్రెలు యాడ మేయాల? నీలగిరాకు తింటాయా?"

"నువ్వూ ఎత్తినావు కద మామా," అంది డిగ్రీ చదివే నా కూతురు మెర్లిన్.

"వానంటే ఎత్తకుండా ఎట్లుంటానే!"

అంతా నవ్వారు. ఆ నవ్వు వెంటనే కోపమైంది. ప్రార్థనలో కళ్లు మూసుకోవడం తప్పు కాదు. కానీ కొండను దొంగ ముందు పెట్టి మూసుకోమని ఏ దేవుడు చెప్పాడు?

మరునాడు చర్చివాళ్లూ గొర్రెలవాళ్లూ కలిసి జేసీబీకి అడ్డం కూర్చున్నాం. యేసమ్మ మిగిలిన గడ్డి కోసి, కట్టను జేసీబీ ఇనుప తొట్టికేసి కొట్టింది. తవ్విన మట్టి మీద గింజలు రాలాయి. రామచంద్ర పిలిపించిన ఎస్సై ఆమె రెక్క పట్టి లాగి జీపెక్కించాడు.

"బండకేసి కొట్టేది మా పద్ధతి నాయనా. మీరు బండ గూడా మిగల్చలేదే!" అంది యేసమ్మ.

ఎస్సై మావైపు తిరిగి ఉరిమాడు. "ఇంకెవురు జైలుకొచ్చేది? చేతులెత్తండి!"

ముందు ఎల్లప్ప ఎత్తాడు. మెర్లిన్ ఎత్తింది. నేనూ ఎత్తాను. మా ఊరంతా ఎత్తింది. ఈసారి ఒక్కరమూ కళ్లు మూయలేదు.

"రామచంద్రప్పా, ఇప్పుడు తియ్యి ఫోటో!" అని ఎల్లప్ప కేకేశాడు.

రామచంద్ర చేయి జేబులోకి పోయింది గాని, ఫోన్ బయటికి రాలేదు.